నాకూ అదే

ఆ రోజుల్లో నా వయసు యాభై దాటింది గానీ, నా చదువు వయసు ఏడాది కూడా నిండలేదు. కాబట్టి ఇది నా చిన్నతనం కబురే అనుకుని చదవండి. కొత్తగా నడక వచ్చిన పిల్ల ఇంట్లో ఒకచోట నిలవదు చూడండి, కొత్తగా అక్షరాలు వచ్చిన నేనూ అంతే. నరసరావుపేట బజారులో ఏ బోర్డు కనపడినా ఆగాల్సిందే, వేలు పెట్టి చూపిస్తూ పైకి చదవాల్సిందే. 'పాత ఇనుము కొనబడును' అని చదివి, మన ఇంట్లో పాత ఇనుము లేదే అని బాధపడ్డాను. ఒక గోడ మీద 'ఇక్కడ మూత్రం పోయరాదు' అని రాసి ఉంటే, మా వీధి పెద్దాయన శవం వెనక అందరం తలలు వంచుకుని నడుస్తున్నామన్న సంగతి కూడా మరిచిపోయి గట్టిగా చదివేశాను. (నా ముందు నడుస్తున్నాయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, "నేనేం చేశానమ్మా" అన్నాడు.) మనసులో చదువుకోవడం అనేది ఒకటి ఉంటుందని నాకప్పటికి తెలియదు. మా బడిలో అందరం పైకే చదివేవాళ్లం.

మిరపకాయలకు తొడిమలు తీసే పని మాది. ఊరి బయట రేకుల షెడ్డులో ఎర్రటి కుప్పల చుట్టూ కూర్చుని, పొద్దు పొడిచింది మొదలు వాలేదాకా కాయ, తొడిమ, కాయ, తొడిమ. ఆ ఘాటుకి కొత్తవాళ్లు తుమ్మి తుమ్మి చస్తారు, మాకు అది మామూలు గాలి. నా చిన్నప్పుడు మా ఊళ్లో బడి లేక కాదు, నా చంకలో ఎప్పుడూ ఒక తమ్ముడో చెల్లెలో ఉండేవాళ్లు, చంకలో బిడ్డతో వస్తే పంతులు రానిచ్చేవాడు కాదు. వాళ్లు చంక దిగేసరికి నా పెళ్లయింది. గుడిలో (మేం చర్చిని గుడి అనే అంటాం) పాటల పుస్తకం అందరూ తెరుస్తారు గనక నేనూ తెరిచేదాన్ని, పక్కావిడ ఎప్పుడు పేజీ తిప్పితే అప్పుడు నేనూ తిప్పేదాన్ని. ఒకరోజు పక్కావిడకు తుమ్ము వచ్చి రెండు పేజీలు ఒకేసారి తిప్పింది, నేనూ తిప్పాను. ఆవిడ ఒకటి వెనక్కి తిప్పుకుంది, నేనూ తిప్పుకున్నాను. ఇదంతా వెనక వరసలోంచి చూసిన పాస్టరమ్మ ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచి ఒక పలక చేతిలో పెట్టింది. పనులు దిగాక గుడి వరండాలో ఆడవాళ్లకు ఆవిడ నడిపే బడిలో అలా చేరాను.

హోటళ్ల దగ్గరైతే నా బతుకు ఇంకా అన్యాయం. పలక పట్టకముందు ఒకసారి మాచర్ల బస్టాండు పక్కన మా ఆయనతో కలిసి టిఫినుకు కూర్చున్నాను. పక్క బల్ల మీద ఎవరికో పూరీలు వచ్చాయి. బుడగల్లా ఉబ్బి, ఆవిరి కక్కుతున్నాయి. నా ప్రాణమంతా అటే ఉంది. గోడ మీద పెద్ద బోర్డు ఉంది, అందులో పూరీ అనే మాట ఎక్కడో ఉండే ఉంటుంది, కానీ అది నాకు చీమల బారు. ఉన్నవి అయిపోయాయేమో, అడిగితే బోర్డు చూడవా అంటారేమో అని నేను ఆలోచిస్తుండగానే మా ఆయన "ఇడ్లీ" అన్నాడు. సర్వరు నా వంక చూశాడు. "నాకూ అదే" అన్నాను. ఆ రోజొక్కటే కాదు, గురజాలలో అదే, గుంటూరులో అదే, పెళ్లి బట్టలకు చిలకలూరిపేట పోయినప్పుడూ అదే. ఆలోచిస్తే నా జన్మలో నేను హోటళ్లలో తిన్న పదార్థం ఒక్కటే, దాని పేరు 'అదే'.

ఇప్పుడు మా వదిన గురించి చెప్పాలి. మా ఆయనకు అక్క. మొగుడు పోయాక బెల్లంకొండ నుంచి వచ్చి మా పక్క వాటాలోనే ఉంటోంది. షెడ్డులోనూ నా పక్కనే కూర్చుంటుంది. చేతులు చురుకు, నోరు అంతకంటే చురుకు. కూతురు మాచర్లలో ఉంది గనక అప్పుడప్పుడూ ఒక్కతే బస్సెక్కి పోయొస్తుంది, అక్షరమ్ముక్క రాకపోయినా ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పు బస్సు ఎక్కలేదని గొప్పగా చెప్పుకుంటుంది. నా పలక చూసినప్పటి నుంచి నన్ను ఎగతాళి చెయ్యడానికి ఆవిడకు రోజూ పండగే.

బడికి వచ్చిపడ్డ కష్టం ఏమిటంటే, మాకు పుస్తకాలిచ్చే పైవాళ్లు పదిమంది ఉంటేనే ఇస్తామన్నారు. మాలో ఒకామె మిల్లులో పని దొరికి చిలకలూరిపేట వెళ్లిపోయింది. పదో మనిషి దొరక్కపోతే ఈ నెలాఖరుకు బడి మూసెయ్యాల్సిందే అని పాస్టరమ్మ చెప్పింది. నేను అప్పుడే గుణింతాలు దాటి ఒత్తుల్లో అడుగుపెట్టాను. ఇప్పుడు బడి మూతపడితే నా చదువు సగం ఉడికిన అన్నం. అటు పారెయ్యలేం, ఇటు తినలేం. అందుకని ఒకరోజు కుప్ప దగ్గర సిగ్గు విడిచి వదినను అడిగాను.

"వదినా, నువ్వూ రారాదా బడికి."

"ఏందే, కాటికి కాళ్లు చాపుకున్నాక నాకు అ ఆలా? అచ్చరాలు రాకపోతే నాకు ముద్ద దిగట్లేదా?"

"దిగుతంది. ఎవరో చెప్పిన ముద్ద దిగుతంది."

ఆవిడ చేతిలో కాయ ఆగింది. చుట్టూ ఉన్నవాళ్లు తొడిమలు తీయడం మానకుండానే చెవులు ఇటు వేశారు.

"అబ్బో. నువ్వు మరి నీ ముద్ద నువ్వే చెప్పుకుంటన్నావా? చానా చదివావుగా. సరే, ఒక పని చెయ్. ఏదన్నా హోటలుకి పోదాం. నీ కళ్లతో చదువు, నీ నోటితో చెప్పు, వచ్చిందాన్ని ఇదేంది అదేంది అని ఎవర్నీ అడక్కుండా మెతుకు మిగలకుండా తిను. అట్టా తిన్నావంటే నేను పలక పట్టుకుని నీ ఎనకాల నడిచొస్తా."

"మాట తప్పవుగా?"

"మీ ఆయనలాగా కాదే నేను, మాట మీద నిలబడే మనిషిని."

(మా ఆయన గురించి ఆవిడ అన్నదానికి నేనేమీ అడ్డు చెప్పలేదు. తమ్ముడి సంగతి అక్కకు తెలియదా.)

నిజం చెప్పొద్దూ, నాకు లోపల సంతోషం. ఎందుకంటే మా షెడ్డు దారిలో ఉన్న టిఫిను హోటలు బోర్డు నేను అప్పటికే చాలాసార్లు చదివి ఉన్నాను. ఇడ్లీ దగ్గర నుంచి టీ దాకా నాకు కంఠతా వచ్చు. కళ్లు మూసుకుని కూడా గెలవొచ్చు. ఈసారి పూరీ చెప్పాలని కూడా నిశ్చయించుకున్నాను. అయితే ఆ రాత్రి వదినతో కలిసి అన్నాలు తింటుంటే పందెం సంగతి మా చిన్నమ్మాయి చెవిన పడింది. బట్టల షాపులో బిల్లులు కొడుతుంది అది, ఫోనులో చూడని వింత ఉండదు.

"అమ్మా, ఆ టిఫిన్ల కొట్లో ఏం పందెం. మా షాపు పక్క సందులో పైన కొత్తగా హోటల్ పెట్టారు. థాయిలాండ్, మలేషియా వంటలంట, రెండూ కలిపి చేస్తారంట. కార్డు తెలుగులోనే ఉంది, నేను చూశా. అత్తా, అక్కడికి పోదాం."

"పోదాం పదవే," అంది వదిన వెంటనే. నా బోర్డు కంఠతా సంగతి ఆవిడకు తెలుసని ఆ తొందర చూసి నాకర్థమైంది.

ఒప్పుకోకుండా ఉండొచ్చు. కానీ అక్షరాలు ఏ హోటల్లోనైనా అక్షరాలే గదా, టిఫిన్ల కొట్లో ఒక 'క', మలేషియా కొట్లో ఇంకో 'క' ఉండదు గదా అని నాకు నేను ధైర్యం చెప్పుకున్నాను. ఆదివారం ఆరాధన కాగానే మధ్యాహ్నానికి ముగ్గురం బయల్దేరాం. మా ఆయనను రమ్మంటే, "ఆ దేశం కూడు నాకెందుకు" అని ముందురోజు చేపల పులుసు దగ్గరే ఉండిపోయాడు.

ఆ హోటలు ఒక టైల్స్ షాపు పైన ఉంది. ఎక్కే మెట్ల మీద పెయింటు డబ్బాల్లో ఏదో గడ్డి పెంచారు. "పశువులు పైకెట్టా ఎక్కుతయ్యే" అని వదిన అడిగింది. లోపల నాలుగే బల్లలు, చిన్న గది, చల్లగా ఉంది. పైనుంచి వెదురు బుట్టలు బోర్లించి వేలాడదీసి లోపల బల్బులు పెట్టారు. ఆ వెలుగు గోడల మీద చారలు చారలుగా పడుతోంది. నాకు చాలా నచ్చింది. వదిన మాత్రం మెడ పైకెత్తి, "కోళ్ల గంపలకు కరెంటిచ్చారేందే" అంది. బల్లలు పీట ఎత్తులో ఉన్నాయి, నేల మీద దిండ్లు వేసుకుని కూర్చోవాలి. షెడ్డులో రోజంతా నేల మీదే కూర్చునే మాకు అది కొత్తేమీ కాదు గానీ, ఇంత దూరం వచ్చి కూడా నేల మీదేనా అని వదిన ముఖం చిన్నబుచ్చుకుంది.

ఆ హోటలాయనను అందరూ మలేషియా భాయ్ అంటారు. నరసరావుపేటవాడే. చాలా ఏళ్లు ఆ దేశంలో వంటవాడిగా పనిచేసి, పిల్లల కోసమని తిరిగొచ్చి ఇక్కడ పెట్టుకున్నాడు. పొయ్యి దగ్గర ఆయన, కూరలు తరిగేది ఆయన భార్య. ఆయనే స్వయంగా కార్డు తెచ్చి మా అమ్మాయి చేతికివ్వబోయాడు.

"నాకివ్వయ్యా," అన్నాను.

అందుకున్నాను. మా బడి పద్ధతి ఒకటే, పాఠం తెరిస్తే మొదటి మాట దగ్గర మొదలుపెట్టి ఆఖరి మాట దాకా, మధ్యలో ఏదీ వదలకుండా, గొంతెత్తి చదవాలి. నాకు తెలిసిన చదువు అదొక్కటే. వెన్ను నిటారుగా పెట్టుకుని, కార్డు బల్ల మీద పరిచి, వేలు కింద పెట్టుకుని మొదలుపెట్టాను. "సాతే. కోడి... సాతే. నాసి... లెమాక్. రెం... రెండాంగ్." పక్క బల్ల దగ్గర మాట్లాడుకుంటున్నవాళ్లు ఆగారు. ఆ వెనక బల్ల దగ్గర చెంచాల చప్పుడు ఆగింది.

"అమ్మా, మెల్లగా," అంది మా అమ్మాయి పళ్లు బిగించి.

"మెల్లగా చదివితే అచ్చరాలు జారిపోతయ్యే, ఉండు."

అక్షరాలు వస్తున్నాయి. అర్థాలే రావట్లేదు. నాకు చెమట పట్టింది. అంతవరకూ నా నమ్మకం ఏమిటంటే, అక్షరాలు తాళం చెవి లాంటివి, చదవడం వస్తే ఇక తెలియనిదంటూ ఉండదు. ఇప్పుడు తాళం తిరుగుతోంది, తలుపు తెరుచుకుంటోంది, లోపల చూస్తే చీకటి. 'నాసి లెమాక్' అని రెండుసార్లు చదివాను, నా తప్పేమోనని. వదిన ముసిముసిగా నవ్వుతోంది. అప్పుడు ఆ మలేషియా భాయ్, చేతులు కట్టుకుని నిలబడి, "చదవండమ్మా, తొందరేం లేదు," అన్నాడు. "ఈ కార్డు మా ఇంటామె కూర్చుని తెలుగులో రాసింది. ఇంతవరకూ ఒక్కరు కూడా ఆఖరి దాకా చదవలా. నూడుల్స్ ఉందా అని అడిగి మూసేస్తారు." ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఆఖరి దాకా చదివాను. 'ధన్యవాదములు' అని అడుగున ఉంటే అది కూడా, ఒత్తుతో సహా, వదలకుండా చదివాను. వంటగది తలుపు దగ్గర ఆయన భార్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి వింటోంది.

మొత్తం మీద కారం వంటల్లో తెలిసిన మాటలు రెండు ఒకే వరసలో ఉన్నచోటు ఒకటి దొరికింది. 'రొయ్యల తోం యాం పులుసు.' రొయ్యలు తెలుసు, పులుసు తెలుసు. మధ్యలో ఉన్న తోం యాం ఎవరైనా కానీ, అటొకరు ఇటొకరు మనవాళ్లు ఉన్నప్పుడు భయమేముంది. పైగా ఆ మాట పక్కన మూడు మిరపకాయల బొమ్మలు వేసి ఉన్నాయి.

"రొయ్యల తోం యాం పులుసు," అన్నాను, వేలు తీయకుండా. నా జన్మలో మొదటిసారి హోటల్లో నా నోటితో నేను చెప్పుకున్న మాట అది.

"మూడు మిరపకాయలున్నయ్ చూశారుగా అమ్మా. కారం బాగా ఉంటది."

"ఎవరికి చెప్తన్నావ్ నాయనా," అంది వదిన. "మేం పుట్టిందే మిరప కల్లంలో."

"మరి మీకేం తెమ్మంటారమ్మా?" అని ఆయన వదిననే అడిగాడు.

వదిన కార్డు వంక చూడలేదు. బుట్టల వంక చూసి, నా వంక చూసి, "నాకూ అదే," అంది.

ఆ మాట నేను ఎన్నిసార్లు అన్నానో, కానీ బయటి నుంచి వినడం అదే మొదలు. ఎంత మెల్లగా అంటామో, అనేటప్పుడు కళ్లు ఎక్కడ దాచుకుంటామో అప్పుడు చూశాను. షెడ్డంతటినీ నోటితో ఆడించే మనిషి గొంతు ఆ రెండు మాటల దగ్గర పిల్ల గొంతయింది. గెలవాలన్న పంతం నాకు అంతకుముందు ఎంతుందో దానికి రెట్టింపయింది, కానీ ఎందుకో ఈసారి అది వదిన మీద పంతం కాదు.

మా అమ్మాయి నూడుల్స్ చెప్పుకుంది. కాసేపటికి మా ఇద్దరికీ రెండు గిన్నెలు వచ్చాయి, పక్కన అన్నం. పులుసు ఎర్రగా, పైన నూనె తేలుతూ, ఆవిరి కక్కుతూ ఉంది. వాసన ఇంతకుముందు ఎక్కడా తగలని వాసన, నిమ్మకాయ తోటలో వాన పడినట్టు. ఒక గుక్క తాగాను. మన కారం ముందు నాలుక మీద కూర్చుని తర్వాత చెవుల్లోకి పోతుంది. ఇది ముందే ముక్కులోకి పోయి, అక్కడ నాలుగు అడుగులు తిరిగి, తీరిగ్గా నాలుక మీదికి దిగింది. చివరన కొంచెం తీపి.

"ఇది పులుసా, జెరానికి ఇచ్చే కసాయమా?" అంది వదిన. అంటూనే రెండో గుక్క తాగింది.

రొయ్యలు బాగున్నాయి. అన్నంలో పోసుకుంటే ఇంకా బాగుంది. అంతా సవ్యంగా పోతుండగా గిన్నె అడుగున కాడలు తగిలాయి. వేలెడు పొడుగు, ఆకుపచ్చ, తెలుపు. ములక్కాడలే, కాకపోతే సన్నవి అనుకున్నాను. పులుసన్నాక ములక్కాడ ఉండదా. ఒకటి తీసి నోట్లో పెట్టుకుని, మనం మామూలుగా చేసేట్టే పళ్ల మధ్య పెట్టి లాగాను. గుజ్జు రాలేదు. నమిలాను. ములక్కాడయితే నమిలేకొద్దీ మెత్తబడుతుంది. ఇది నమిలేకొద్దీ చీపురవుతోంది. పారేద్దామంటే మెతుకు మిగలకూడదు. ఇదేమిటని అడుగుదామంటే అడగకూడదు. రెండూ నా ఎదురుగా కూర్చున్న మనిషి పెట్టిన షరతులు. సరే, మిరప కుప్పల మధ్య ఎండాకాలాలు గడిపినదాన్ని, ఒక కాడకు లొంగుతానా అని దవడలు బిగించాను.

నేను నములుతున్నాను గదా అని వదినా నోట్లో పెట్టుకుంది. చెప్పింది 'అదే' గనక తినేదీ అదే పద్ధతిలో తినాలనుకున్నట్టుంది. అడిగితే తెలియదని బయటపడుతుందని ఆవిడ అడగలేదు, పందెం పోతుందని నేను అడగలేదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, చొప్పకట్ట దగ్గర కట్టేసిన గేదెల్లాగా, మాటా పలుకూ లేకుండా నములుతున్నాం. కాడలయ్యాక చెక్క ముక్కల్లాంటి దుంప బిళ్లలు వచ్చాయి, వాటిని బుగ్గన పెట్టుకుని కొంతసేపు నానబెట్టి మింగాను. తర్వాత మందపాటి ఆకులు. ఆకులు మింగడం తేలికే, దిగేటప్పుడు గొంతులో ఒకసారి ఆగి చుట్టూ చూసి దిగుతాయి. మా అమ్మాయి తల ఫోనులో ఉంది గనక మా తిప్పలు దాని కంటపడలేదు. (పడి ఉంటే ఇప్పటికీ ఆ వీడియో చుట్టాలందరికీ తిరుగుతూ ఉండేది.)

గిన్నెలు తీయడానికి భాయ్ వచ్చాడు. నా గిన్నెలోకి చూశాడు. వదిన గిన్నెలోకి చూశాడు. బల్ల కిందికి కూడా చూశాడు.

"అమ్మా, కాడలేవి?"

"ఇంకెక్కడివి, తిన్నాం," అన్నాను, నాలుకతో పంటి సందులో పీచు తీసుకుంటూ.

"ఆకులు?"

"అవీ తిన్నాం," అంది వదిన. "ఏం, ఇంకా ఉన్నయ్యా లోపల?"

ఆయన మా పక్కనే నేల మీద కూలబడ్డాడు. నవ్వాలో భయపడాలో తెలియని ముఖం. "అమ్మా, అది నిమ్మగడ్డి. మెట్ల మీద డబ్బాల్లో ఉంది చూశారే, అదే. దాన్నీ, ఆ దుంపల్నీ, ఆకుల్నీ వాసన కోసం పులుసులో వేస్తాం, తినేటప్పుడు పక్కన పెట్టేస్తారు. అవి నమిలి మింగినోళ్లను ఆ దేశంలో కూడా నేను చూడలా."

"ముందే చెప్పొద్దా నాయనా," అంది వదిన బుగ్గలు నొక్కుకుంటూ.

"నేనేం చెప్పేదమ్మా. ఆమె అంత గట్టిగా ధన్యవాదాల దాకా చదివితే, అన్నీ తెలిసినోళ్లేలే అనుకున్నా."

వంటగది తలుపు దగ్గర నుంచి ఆయన భార్య నవ్వు ముందు వినపడింది. తర్వాత మా అమ్మాయి. తర్వాత పక్క బల్లలవాళ్లు. ఆఖరికి నేనూ నవ్వాను గానీ, దవడలు సగం దాకే తెరుచుకున్నాయి. నవ్వు తగ్గాక కొంగుతో కళ్లు తుడుచుకుని వదిన వైపు తిరిగాను.

"ఏం వదినా. చదివా, చెప్పా, ఎవర్నీ అడక్కుండా పీచు మిగలకుండా తిన్నా. రేపు పలక కొనుక్కో."

వదిన నవ్వు మానేసింది. షెడ్డులో మేస్త్రీతో వాదనకు దిగేముందు ఆవిడ ముఖం ఎలా అవుతుందో అలా అయింది.

"తిన్నావే, కాదన్ను. చదువుకున్నదానివి నువ్వూ గడ్డి తిన్నావ్. చదువురాని దాన్ని నేనూ గడ్డే తిన్నా. ఇద్దరి నోళ్లల్లోనూ ఇదే పీచు. మరింక తేడా ఏముందే? ఈ మాత్రానికి నేనెందుకు బడికి రావాలా?"

ఆ ప్రశ్నకు పాస్టరమ్మ దగ్గర కూడా జవాబు ఉండదేమో అనిపించింది. పదో మనిషి కళ్లముందే మెట్లు దిగి వెళ్లిపోతున్నట్టుంది. మా వరండా, మా ఒత్తులు, సగం ఉడికిన నా చదువు, అన్నీ ఆవిడ వెనకాలే దిగిపోతున్నాయి.

అప్పుడే పక్క బల్లకు భాయ్ భార్య ఒక పళ్లెం తెచ్చి పెట్టింది. తెల్లటి అన్నం ముద్ద, దాని మీద కొబ్బరి పాలు, పక్కన పసుపు పచ్చగా కోసిన మామిడిపండు ముక్కలు. మాట్లాడుతున్న వదిన ఆ పళ్లెం చూసి ఆగిపోయింది. నాకు ఆ చూపు తెలుసు. మాచర్ల బస్టాండు దగ్గర ఉబ్బిన పూరీల మీద నాకున్నది ఆ చూపే.

భాయ్ లేచి నిలబడి, "ఇంకేమన్నా తెమ్మంటారా అమ్మా?" అన్నాడు.

వదిన నా వంక చూసింది. "అది ఏం చెప్తే నాకూ అదే."

ఇంతకాలం నాకు జవాబులు ఆలస్యంగా తోచేవి, ఇంటికెళ్లి పడుకున్నాక తోచేవి. ఆ రోజు మాత్రం దేవుడు వెంటనే పంపాడు.

"నాకేం వద్దు," అన్నాను. "గడ్డితో కడుపు నిండింది."

నేను ఏమీ చెప్పకపోతే వదినకు 'అదే' లేదు. మా అమ్మాయి వంక తిరిగింది. "అత్తా, నీకేం కావాలో చెప్పు," అని అది అనబోతుంటే బల్ల చాటున దాని కాలు గిల్లాను. వదిన మళ్లీ పక్క బల్ల వంక చూసింది, ఈసారి దొంగచాటుగా. వేలు పెట్టి చూపించి అడగొచ్చు, కానీ ఎదుటివాళ్ల పళ్లెం వైపు వేలు చూపించే మనిషి కాదు మా వదిన. ఆకలితోనైనా లేస్తుంది గానీ ఆ పని చెయ్యదు.

నేను కార్డు ఆవిడ ముందుకు జరిపాను.

"నాకేం తెలుసే ఇందులో," అంది, పక్కవాళ్లకు వినపడకుండా.

"నీకు కావాల్సింది మామిడిపండు అన్నమేగా. ఈ కింద ఉంది చూడు. ఇదిగో, ఇక్కడ మొదలు."

వదిన వంగి చూసింది. మామూలుగా కాగితం ఏదైనా ఇస్తే ఆవిడ చూసీచూడనట్టు పక్కన పెట్టేది. ఈసారి కళ్లు చిన్నవి చేసుకుని, ముక్కు కార్డుకు ఆనేటట్టు వంగింది. ఎంతసేపటికీ పైకి లేవదు. నేను ఇక చదివి వినిపిద్దామనుకుంటుండగా గొణిగింది.

"ఏమే. ఇది మన మాచర్ల బస్సు మీద మొదట ఉండేది కదే?"

నేను చూశాను. 'మా'. మాచర్లలో 'మా', మామిడిపండులో 'మా'.

"ఇన్నేళ్లూ నేను ఈ బొమ్మను చూసేగా బస్సెక్కేది," అంది. "కొమ్ము తిరిగి, పక్కన తోకేసుకుని. దీన్ని చూడగానే కూతురి ఊరని చెయ్యెత్తుతా. ఇది ఇక్కడికెందుకొచ్చిందే?"

"ఇదే 'మా' వదినా. అక్కడా ఇదే, ఇక్కడా ఇదే. పక్కన ఇంకోటి చూడు, ఇది 'మి'. అది నీకు బడిలో చెప్తారు."

వదిన కార్డు మీద ఆ అక్షరం మీద వేలు పెట్టింది. మిరప మంటకు తోలు ఊడి గట్టిపడ్డ వేలు. అలాగే ఉంచి, తల ఎత్తి, షెడ్డంతా వినపడే ఆ పాత గొంతుతో అంది.

"నాయనా, మాచర్ల బస్సుది మొదట ఉంది చూడు, అది పట్టుకురా."

భాయ్ వంగి వేలు ఎక్కడుందో చూసి, ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్లాడు. పళ్లెం వచ్చాక వదిన ఎవరికీ పెట్టకుండా మొత్తం తిన్నది. కొబ్బరి పాలు వేలితో తుడుచుకుని కూడా తిన్నది. నేను అడగలేదు, నా కడుపు నిండిందని చెప్పాను గదా. (నిండలేదు. ఆ మామిడి ముక్కల వాసనకు నాకు నోరూరింది. కానీ ఒకసారి వద్దన్నాక వద్దు.) వెళ్లేటప్పుడు భాయ్ భార్య నవ్వుతూ మెట్ల మీద డబ్బాలోంచి ఒక నిమ్మగడ్డి మొక్క వేళ్లతో సహా తీసి, "ఇది నాటుకోండి, టీలో వేసుకోండి, నమలొద్దు," అని నా చేతికిచ్చింది.

మర్నాడు సాయంత్రం వరండాలో మేం పలకలు తీస్తుంటే గేటు చప్పుడైంది. వదిన వచ్చి, పాస్టరమ్మకు వందనాలు కూడా చెప్పకుండా నా పక్కన చాప లాక్కుని కూర్చుంది. "నాకు 'మా' వచ్చు," అంది. "దాని తర్వాతది చెప్పండి." అందరూ 'అ' దగ్గర మొదలుపెడితే, మా వదిన చదువు నడిమధ్యలో, మాచర్ల బస్సు మీద మొదలైంది. పాస్టరమ్మ ఎంత చెప్పినా 'అ' దగ్గరకు రావడానికి చాలా రోజులు పట్టింది. బడి మూతపడలేదు.

ఇప్పుడు నాకు మనసులో చదువుకోవడం వచ్చు. శవయాత్రల్లో గోడలు నన్నేమీ చెయ్యలేవు. పాటల పుస్తకం పేజీ నేనే తిప్పుతాను, కొత్తగా వచ్చిన ఒకామె నన్ను చూసి తిప్పుతోంది. మా పెరట్లో బట్టలుతికే రాయి పక్కన నిమ్మగడ్డి దుబ్బు నడుమెత్తు పెరిగింది. టీలోకి కోసినప్పుడల్లా ఒక కాడ నోట్లో వేసుకుని చూస్తాను, ఏమో, ఈసారి మెత్తబడుతుందేమోనని. లేదు. భాయ్ హోటల్లో ఇప్పుడు ఎక్కువగా బిర్యానీయే పోతుందట, మన ఊరివాళ్లు ఎన్నాళ్లని ఆ పేర్లకు నోరు తిప్పుకుంటారు. అయినా ఆ కార్డు మాత్రం తీసెయ్యలేదు, అడిగితే వండిపెడతాడు.

మొన్న వదినా నేనూ మళ్లీ వెళ్లాం. వదిన కార్డు అందుకుని, వెన్ను నిటారుగా పెట్టి, వేలు కింద పెట్టుకుని, మొదటి మాట దగ్గర నుంచి గొంతెత్తి మొదలుపెట్టింది. పక్క బల్లలవాళ్లు ఇటు తిరిగారు. "వదినా, మెల్లగా" అనబోయి ఆ మాటను మింగేశాను. నిమ్మగడ్డి కంటే తేలిగ్గానే దిగింది. అంత గట్టిగా చదివే ఆడమనిషి ఒకప్పుడు నాలోనూ ఉండేది, ఎప్పుడు వెళ్లిపోయిందో నాకు చెప్పకుండానే వెళ్లిపోయింది. ధన్యవాదాల దాకా పూర్తిగా విన్నాను. వదిన తనకు కావాల్సింది చెప్పింది. భాయ్ నా వైపు తిరిగాడు.

"మీకేం తెమ్మంటారమ్మా?"

కార్డు నా ముందే ఉంది. అందులో ప్రతి మాటా నాకు చదవడం వచ్చు. వదిన వంక చూసి నవ్వి, "నాకూ అదే," అన్నాను.